జిప్సీ అలైన్‌మెంట్: యాక్సిల్ వంగిందంటున్నారు, నిజమేనా?

అల్వాల్_జిప్సీ:
ఆర్మీ వేలంలో పోయిన మారుతీ జిప్సీ ఒకటి చేతులు మారి నా దగ్గరికొచ్చింది. మేడ్చల్ రోడ్డు మీద 60 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రావట్లేదు. అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే స్క్రీన్ మీద కాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), కాస్టర్ (చక్రం తిరిగే పిన్ను ముందుకో వెనక్కో వాలే కోణం) రెండూ ఎరుపే. "యాక్సిల్ వంగింది, మార్చాలి" అన్నాడు అక్కడి కుర్రాడు. ఒకటే టెన్షన్.

మాజీ_ఈఎంఈ:
యాక్సిల్ మాట పక్కన పెట్టు తమ్ముడూ. ఈఎంఈలో, అంటే ఆర్మీ బళ్ల రిపేరు విభాగంలో, 18 ఏళ్లు ఈ బళ్ల కిందే పడుకున్నాను. జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్, కమాన్ కట్టలు. కాంబర్ తిప్పడానికి బోల్టే లేదు. నీ చేతిలో ఉన్నది టో (రెండు చక్రాల ముందు వైపులు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది) ఒక్కటే, అదీ చివర్న.

ముందు ప్లే, అంటే వదులు, చూడు. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమను. ఆగిందా, వీల్ బేరింగ్. ఆగలేదా, కింగ్‌పిన్ (స్టీరింగ్‌తో పాటు చక్రం తిరిగే పిన్ను) బేరింగ్. బేరింగ్ బాగుంటే షిమ్ములు (పల్చటి రేకులు) తగ్గిస్తే బిగుస్తుంది. కింగ్‌పిన్ వదులుగా ఉంటే మిషన్ ఎరుపు చూపించక ఏం చేస్తుంది? కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (వణుకు అణిచే షాక్ అబ్జార్బర్) వేయమంటే మాత్రం వినకు, అది రోగాన్ని దాస్తుందంతే.

ఇక టో. చక్రం తిప్పుతూ టైరు నడుమ సుద్ద పూసి, మేకుతో గీత గియ్యి. బండి దించి కాస్త ముందుకు తోసి, యాక్సిల్ ఎత్తులో రెండు గీతల మధ్య దూరం ముందొకసారి, వెనకొకసారి కొలువు. వెనకకంటే ముందు 2 నుంచి 6 మి.మీ. తక్కువుండాలి. చెక్‌నట్లు వదులు చేసి టై రాడ్ (రెండు చక్రాలను కలిపే కడ్డీ) తిప్పు. ఒక కొస ఎడమ మర, అది తెలియక పానాలు విరగ్గొట్టినవాళ్లను చూశాను.

సైనిక్‌పురి_జీపు:
ముందు చక్రాల వైపు షాకిల్స్ (కమాన్ కట్ట కొసను ఛాసిస్‌కి కలిపే పట్టీలు) పొడుగువి వేశారేమో చూడండి. ఎత్తు కోసం వేస్తారు, దాంతో యాక్సిల్ ముందుకు తిరిగి కాస్టర్ తగ్గుతుంది. స్టీరింగ్ వెనక్కి రాకపోవడం అందుకే. నేను పాత సైజువే మళ్లీ వేయించాను.

అల్వాల్_జిప్సీ:
ఎడమ చక్రం ఆడుతోంది, బ్రేక్ తొక్కినా ఆగట్లేదు. షాకిల్స్ పొడుగువే, పాత ఓనర్ పుణ్యం! రాణిగంజ్‌లో చిన్నవి దొరికాయి. టో కొలిస్తే వెనకకంటే ముందు వైపే 9 మి.మీ. ఎక్కువుంది. సార్, ఆ ఎడమ మర నట్టును గుర్తుపట్టేదెలా?

మాజీ_ఈఎంఈ:
మామూలుగా బిగించే వైపు తిప్పితే వదులయ్యేదే అది. రాత్రే డీజిల్ పోసి నానబెట్టు.