హాస్టల్‌కు కథల పుస్తకాలు పంపితే మేలేనా?

దేవరకొండ అమ్మ:
మా పాప ఈ ఏడే గురుకులంలో ఐదో తరగతిలో చేరింది. సెలవులకు వస్తే ఆడుతూ పాడుతూ ఉంటుంది, తిరిగి వెళ్లే రోజు మాత్రం పొద్దుటి నుంచే కడుపునొప్పి అంటది. డాక్టరు చూసి ఏమీ లేదు, బెంగ అన్నారు. మొన్న దసరాకి మా అక్క కొడుకు పాత కథల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది, అన్నానికి పిలిచినా లేవలేదు. వెళ్లేటప్పుడు నొప్పి ఊసే ఎత్తలేదు. నాలుగు పుస్తకాలు పంపుదామంటే మా ఆయన "పాఠాలకే టైం లేదు, కథలెందుకు" అంటున్నారు. నిజంగా ఉపయోగమా, నా భ్రమా?

పిల్లల వార్డు నర్సు, నల్లగొండ:
భ్రమ కాదు అక్కా. బ్రెజిల్‌లో ఐసీయూలో ఉన్న 81 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. సగం మందికి కథలు చెప్పారు, మిగతావాళ్లతో పొడుపుకథలు ఆడారు. రెండు గుంపులకూ మేలే జరిగింది గానీ, కథలు విన్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది. ఉమ్మి పరీక్షలో టెన్షన్ హార్మోను కార్టిసాల్ కూడా ఎక్కువ పడిపోయింది. అయితే వాళ్లకు పక్కన మనిషి కూర్చుని చెప్పారు. ఒంటరిగా చదివినా అంతే ఫలితం అని నేను చెప్పలేను. సూది వేసేటప్పుడు నేనూ కోతి కథ ఎత్తుకుంటా. ఏడుస్తూనే "తర్వాతేమైంది?" అంటారు!
నొప్పి మామూలు రోజుల్లో కూడా వస్తే మాత్రం మళ్లీ చూపించండి.

పాలమూరు తెలుగు టీచర్:
మా బడిలో అమ్మానాన్న పుణె, ముంబై పనులకు పోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలు చాలామంది. "ఇంటి మీద బెంగగా ఉందా?" అంటే తల దించుకుంటారు. "కథలో పిల్ల ఎందుకు అలిగింది?" అంటే ఇక ఆపలేం. చెప్పేది కథలో పిల్ల గురించే, మాటలు మాత్రం వాళ్లవే. ఫోన్ చేసినప్పుడు మీరూ అట్లాగే అడగండి. "నీతి ఏంటి?" అని అడిగారా, పుస్తకం మూసేస్తుంది. అమ్మ దూరమైన కథలు పంపొద్దని కొందరంటారు, నేను ఒప్పుకోను. ఏది కావాలో పాపనే ఏరుకోనివ్వండి.

కల్వకుర్తి నాన్న:
అన్నకు నా మాటగా చెప్పండి. మా వాడికి కూడికలు, తీసివేతలు అన్నీ వచ్చు. నాలుగు లైన్ల లెక్క ఇస్తే అడిగిందేంటో అర్థం కాదు. కథలు చదివే పిల్లకు ఆ బాధ తక్కువ ఉంటుంది. పుస్తకాలు కొనకండి, ముందు శాఖా గ్రంథాలయంలో అడిగి చూడండి.