డెంగీ టీకా: తప్పు వాహక వైరస్‌దా, తొందరదా?

సందేహరావు:
జపాన్ కంపెనీ టకేడా వాళ్ల డెంగీ టీకా క్యూడెంగా తయారీకి మన హైదరాబాద్ బయొలాజికల్ ఇ 2024లో ఒప్పందం చేసుకుంది. ఒక వైరస్ ఒంటికి ఇంకో వైరస్ చొక్కా తొడిగే రకం ఇది. అలాంటిదే అయిన సనోఫీ కంపెనీ టీకా డెంగ్‌వాక్సియానే 2016లో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా బడిపిల్లలకు వేశారు. ఇంతకుముందు డెంగీ రానివాళ్లకు వేస్తే, తర్వాత సోకినప్పుడు జబ్బు ముదరొచ్చని 2017 నవంబరులో సనోఫీయే చెప్పింది. ఈ పద్ధతే మనకొద్దు.

బెజవాడ మైక్రో:
పద్ధతినే తప్పుపడితే ఎలాగండీ? డెంగ్‌వాక్సియాలో వాహకం, అంటే ఒళ్లు ఇచ్చిన వైరస్, ఎల్లో ఫీవర్ టీకా వైరస్ 17డి. అందులో పైపొర జన్యువులు మాత్రమే డెంగీవి. వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలు గుర్తుపట్టాల్సిన డెంగీ లోపలి ప్రోటీన్లు లేవు. పైగా డెంగీ నాలుగు రకాలు. ఒకదాని మీద అరకొరగా పుట్టిన యాంటీబాడీలే ఇంకోదాన్ని కణాల్లోకి దగ్గరుండి తీసుకెళ్తాయి. రెండోసారి వచ్చిన డెంగీ ముదిరేది అందుకే. అసలు డెంగీ రానివాళ్లలో టీకాయే ఆ మొదటి డెంగీలా పనిచేసింది. అదే 17డి మీద కట్టిన జపనీస్ మెదడువాపు టీకాతో ఈ గొడవ రాలేదు. క్యూడెంగా ఒళ్లు డెంగీ-2దే, కాబట్టి ఆ లోపలి ప్రోటీన్లు అందులో ఉన్నాయి.

సందేహరావు:
డెంగీ రానివాళ్లలో డెంగీ-3 మీద క్యూడెంగా రక్షణ తేలలేదు కదా మాస్టారూ. అది దాటేశారేం?

బెజవాడ మైక్రో:
నిజమే. అందుకే జబ్బు బాగా ఉన్నచోట 6-16 ఏళ్లవాళ్లకే అంది డబ్ల్యూహెచ్‌ఓ. ఫిలిప్పీన్స్‌లో అసలు తప్పు తొందర. డెంగీ పరిశోధకుడు స్కాట్ హాల్‌స్టెడ్ 2016లోనే హెచ్చరించారు, వినలేదు. అయినా అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి అప్పటికే డెంగీ వచ్చిపోయింది. మొత్తం మీద లాభమే ఎక్కువ.

గోదారిగట్టు:
ఆ లెక్క, డెంగీ రాని పిల్ల తల్లికి చెప్పి చూడండి! నమ్మకం పోయి తట్టు టీకా కూడా మానేశారు. 2019లో అక్కడ తట్టు విరుచుకుపడింది.

ఇద్దరు పిల్లల అమ్మ:
వానాకాలం వస్తే ప్లేట్‌లెట్ల టెన్షన్ మాకు. డెంగ్‌వాక్సియాకు ముందు, ఇదివరకు డెంగీ వచ్చిందో లేదో రక్తపరీక్ష చేయాలని 2018లో అన్నారు. ఇక్కడ పరీక్ష చేసి వేస్తానంటే నేను వేయిస్తా. లక్షల పిల్లలకు చేస్తారా అన్నదే నా అనుమానం.

సందేహరావు:
పనేషియా కంపెనీ, ఐసీఎంఆర్ 2024లో మొదలుపెట్టిన డెంగీ టీకా ట్రయల్ ఉందిగా. ఒక్క డోసు. దాన్లోని నాలుగింట్లో మూడు, చొక్కా మార్చని, బలహీనపరిచిన అసలు డెంగీ వైరస్‌లే. అది తేలేదాకా ఆగుదామమ్మా.

ఇద్దరు పిల్లల అమ్మ:
అది పెద్దవాళ్ల మీద చేస్తున్నారు అన్నయ్యా. నా చిన్నదానికి ఏడేళ్లు.