బ్రాట్‌వుర్స్ట్, ఇంట్లో చేసే ఫ్రైస్: రెండు ప్లేట్ల స్టవ్ మీద ఒకేసారి అవుతాయా?

ఇల్మెనావ్_పిల్లోడు
హాయ్ అందరికీ, నేను జర్మనీలో, తురింగియా రాష్ట్రంలోని ఇల్మెనావ్‌లో మాస్టర్స్ చేస్తున్నా. శనివారం మా ఫ్లోర్‌లో వంట నా వంతు. ఎప్పుడూ పప్పు, చికెన్ కర్రీయే అడుగుతారు, ఈసారి మీ తిండే, బ్రాట్‌వుర్స్ట్ (పేగులో మాంసం కూరి వేపే జర్మన్ సాసేజ్), ఫ్రైస్ నేను చేసి పెడతా అని జర్మన్ వాళ్ళకి మాటిచ్చేశా. ఓవెన్ లేదు, ఎయిర్ ఫ్రయర్ లేదు, ఉన్నది రెండు ప్లేట్ల కరెంటు స్టవ్, ఒక వెడల్పు పెనం, ఒక లోతు గిన్నె. సాసేజ్ పగలకుండా లోపలిదాకా ఉడకాలి, ఫ్రైస్ కరకరలాడాలి, రెండూ వేడివేడిగా ప్లేట్లోకి రావాలి. ఆరుగురం, అందులో ఒకమ్మాయి పంది తినదు. ఫ్రోజెన్ ఫ్రైస్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి ప్లీజ్.

నురెంబర్గ్_అక్క
తమ్ముడూ, ముందు ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడు, సగం సంగతి అక్కడే తేలిపోతుంది. గెబ్రూట్ అని ఉంటే వాళ్ళే వేడినీళ్ళలో ఉడికించి అమ్ముతున్నారు, నువ్వు రంగొచ్చేదాకా వేపితే చాలు. రో అని ఉంటే పచ్చి మాంసం, కొన్నరోజే వండెయ్, లోపల 70 డిగ్రీలు దాటాల్సిందే. పచ్చివైతే నీళ్ళు మరిగించి, స్టవ్ మీద నుంచి దించి, అందులో ఓ పది నిమిషాలు ఉంచి, తుడిచి, అప్పుడు పెనం మీదికి. కుతకుత మరిగే నీళ్ళలో వేశావో తొక్క చిట్లుతుంది. మీడియం మంట మీద అటూ ఇటూ తిప్పుతూ వేపు, ఫోర్క్‌తో మాత్రం పొడవకు, లోపలి కొవ్వూ రసం అంతా పెనంలోకి కారిపోయి సాసేజ్ ఎండిపోతుంది. మా నురెంబర్గ్‌వి దొరికితే ఇంకా సులువు, 7 నుంచి 9 సెంటీమీటర్లే ఉంటాయి, ఒక్కోటి 20-25 గ్రాములు, చకచకా అయిపోతాయి. కాకపోతే మనిషికి ఆరైనా వెయ్యాలి.

బొగ్గుల_కుంపటి
అక్కా, తురింగియాలో కూచున్నోనికి నురెంబర్గ్‌వి వండుమంటున్నవా 😂 ఆ పోరగాళ్ళు ఊకుంటరా. బ్రో, మీ పక్కనే ఆర్న్‌స్టాట్ ఉంది గదా, 1404ల అక్కడి క్రైస్తవ సన్యాసినుల మఠం లెక్కల పుస్తకంల బ్రాట్‌వుర్స్ట్ పేగులకు పైసలిచ్చినట్టు రాసుంది, గంత పాత కథ మీ దగ్గర. మీ ఊరి బుచ్చర్ దగ్గరికి పో, తురింగియా రోస్ట్‌బ్రాట్‌వుర్స్ట్ అడుగు, 15-20 సెంటీమీటర్ల పొడుగుంటది, మార్జోరం ఆకు, షాజీరా లాంటి క్యుమ్మెల్, వెల్లుల్లి వాసన మస్తుంటది. అసలైతే బొగ్గుల మీదనే కాల్చాలె. హాస్టల్ ఎనక గ్రిల్ జాగా ఉంటే సాసేజ్ అక్కడ పెట్టు, స్టవ్ మొత్తం ఫ్రైస్‌కే మిగులుతది, నీ పరేషానే ఉండదు. నీళ్ళల్ల ఉడికిచ్చుడు నాకైతే నచ్చదు. ఇంకోటి, దాని మీద కెచప్ పొయ్యకు, ఆవాల పేస్టే. ఎర్ఫుర్ట్ బోర్న్ బ్రాండ్‌ది అయితే వాళ్ళే మెచ్చుకుంటరు.

ఆలూ_పిచ్చి
సాసేజ్ సంగతి వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు గానీ ఫ్రైస్ నేను చెప్తా. బంగాళాదుంప ఏ రకం అనేదే అసలు విషయం, ఇక్కడ బస్తాల మీద మామూలుగా నీలం రంగు ఉంటే పిండిపిండిగా ఉడికేవి, ఎరుపు మధ్యరకం, ఆకుపచ్చ గట్టిగా ఉండేవి, నువ్వు నీలమో ఎరుపో తీసుకో, ఆకుపచ్చవి సలాడ్‌కి. ఆరుగురికి ఒకటిన్నర కిలో. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, చలికి దుంపలో పిండి చక్కెరగా మారి వేయించేటప్పుడు తొందరగా నల్లబడతాయి, చేదొస్తాయి. వేలి మందాన తరిగి చల్లటి నీళ్ళలో అరగంట, నీళ్ళు తేటగా అయ్యేదాకా ఒకటి రెండుసార్లు మార్చు, తర్వాత గుడ్డ మీద పరిచి బాగా ఆరబెట్టు, తడుంటే నూనె పొంగి మీదకొస్తుంది. ఇంక వేయించడం రెండుసార్లు, మన కట్ మిర్చి వేసినట్టే. మొదటిది 150 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు, రంగు రాకూడదు, లోపల మెత్తబడితే తీసెయ్. చల్లారనిచ్చి రెండోసారి 175 దగ్గర రెండు మూడు నిమిషాలు, బంగారు రంగు వస్తే చాలు, ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకు, అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువవుతుంది. థర్మామీటర్ లేకపోతే చెక్క గరిటె కాడ ముంచు, చుట్టూ బుడగలు గబగబా వస్తే రెండోసారి వేయించడానికి రెడీ. కొంచెం కొంచెంగా వెయ్యి, ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లబడి ఫ్రైస్ నూనె తాగేస్తాయి. ఉప్పు తీసిన వెంటనే చల్లు. మూత పెట్టి దాచావో అంతే సంగతులు, ఆవిరికి మెత్తబడిపోతాయి.

ఇల్మెనావ్_పిల్లోడు
సూపర్ అన్నా, థాంక్స్. గ్రిల్ జాగా ఉంది కానీ వాన అంటున్నారు, కాబట్టి పెనమే. అయితే ఏది ముందు? చికెన్ సాసేజ్ ఆ అమ్మాయికి ఓకేనా?

నురెంబర్గ్_అక్క
ఫ్రైస్ అన్నీ మొదటిసారి వేయించడం వాళ్ళు రాకముందే కానిచ్చి పక్కన పెట్టుకో, ఒకటి రెండు గంటలున్నా ఏం కాదు. వాళ్ళొచ్చాక సాసేజ్ పెనం మీద పెట్టు, సగం రంగు రాగానే రెండో ప్లేట్ మీద నూనె మళ్ళీ కాగనివ్వు. గెఫ్లూగెల్ అని రాసుంటే కోడి లేదా టర్కీ, అయినా వెనక చిన్న అక్షరాలు చదువు, కొన్నిట్లో పంది కొవ్వు కలుపుతారు, కొన్నిటి తొక్క పంది పేగు. అనుమానముంటే టర్కిష్ షాపులో హలాల్‌ది తెచ్చెయ్. ఆమెది ముందే వేపి పక్కన పెట్టు, అదే పెనంలో అదే కొవ్వులో వేస్తే ఇంక వేరేగా కొని ఏం లాభం.

ఆలూ_పిచ్చి
ఇంకో రెండు మాటలు. గిన్నెలో నూనె సగానికి మించొద్దు, రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ వాడు, మంటంటుకుంటే మూత వేసి స్టవ్ కట్టెయ్, నీళ్ళు పొయ్యకు. కిటికీ తెరిచి వంటగది తలుపు మూసెయ్, కొన్ని హాస్టళ్ళలో కారిడార్ స్మోక్ అలారం మోగితే నేరుగా ఫైర్ ఇంజనే వస్తుంది, బిల్లు ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. మిగిలిన నూనె సింక్‌లో పొయ్యకుండా చల్లారాక సీసాలో పోసి మూత బిగించి మామూలు చెత్తడబ్బాలో వెయ్యి.

బొగ్గుల_కుంపటి
వాన లేకుంటే మాత్రం గ్రిల్లే బ్రో.