కల్ట్‌కి ‘పాషండం’ సరిపోతుందా?

ద్విపద: భాగవతం నాలుగో స్కంధంలో పృథువు నూరో అశ్వమేధం, గుర్రాన్ని ఎత్తుకుపోతూ ఇంద్రుడు వేసిన దొంగ వేషాలు. పాషండ శబ్దానికి (వేదానికి విరుద్ధమైన మతం) వ్యుత్పత్తి అక్కడే వస్తుంది. ‘తాని పాపస్య...’ తర్వాత ఖండానా, షండానా? జోన్స్‌టౌన్‌లో (గయానా, 1978) జిమ్ జోన్స్ అనుచరుల సామూహిక మరణాల మీద వ్యాసానికి కావాలి. ‘కల్ట్’ని పాషండం అనొచ్చా అన్నది అసలు సందేహం.

శకటరేఫ: ‘తాని పాపస్య ఖండాని లింగం ఖండమిహోచ్యతే’. ఖ తప్ప వేరే అక్షరం పొసగదు. ఖండమంటే ఇక్కడ ముక్క కాదు, గుర్తు. పాపచిహ్నాలు కనక పాఖండాలు.

అర్ధానుస్వారం: వ్యుత్పత్తికి ఖ కావాలని మాట కూడా ఖతోనే పుట్టిందంటే ఎలాగండీ? అశోకుడి 12వ శిలాశాసనం, గిర్నార్ (గుజరాత్) పాఠం చూడండి: ‘సవపాసండాని చ పవజితాని చ ఘరస్తాని చ పూజయతి’ (అన్ని పాసండాలనీ, సన్యాసులనీ, గృహస్థులనీ పూజిస్తాడు). సంస్కృత ష చాలా ప్రాకృతాల్లో స అవుతుంది, ఖ అవదు. భాషని భాఖా అన్నట్టు ఉత్తరాదిన షని ఖగా పలికారు, పాఖండం అలా వచ్చింది. పైగా రాజు దానమిచ్చి మరీ పూజిస్తున్నాడు, అంటే అప్పటికది తిట్టు కాదు, మతశాఖ. మన యర్రగుడి బండల మీదా ఈ శాసనాల వరస ఉంది.

శకటరేఫ: అమరకోశం ‘పాషండాః సర్వలింగినః’ అంది, ఇక్కడా లింగమంటే గుర్తే. వ్యాఖ్యాతలు మాత్రం ‘పా’ అంటే వేదధర్మం, దాన్ని ఖండించేవాళ్ళు అని ఇంకో దారి పట్టారు.

అర్ధానుస్వారం: ఒకే మాటకి రెండు పొంతన లేని వ్యుత్పత్తులంటే రెండూ తర్వాత అతికినవే.

వలపలగిలక: సంస్కృతం దాకా ఎందుకు? పోలేరమ్మ కొలుపులు ఉన్నాయిగా! కల్ట్‌కి మూలం లాటిన్ ‘కొలెరె’, సేద్యం చేయడం, పూజించడం. మన ‘కొలుచు’ దాని చుట్టమే అని నా నమ్మకం.

అర్ధానుస్వారం: ధ్వని కలిసింది, అంతే. కొలుచు ద్రావిడం, తమిళంలో కొలువు ఉంది. కొలెరెకి సంస్కృతంలో అసలు చుట్టం ‘చర్’ ధాతువు. చక్రమూ ఆ ఇంటిదే. అంటే కల్ట్‌కి దాయాది మన ‘ఆచారం’!

వలపలగిలక: చుట్టరికం ఒప్పుకోకపోయినా అర్థం కలిసింది కదండీ. స్టాలిన్ మీద 1956లో వచ్చిన విమర్శని తెలుగు చేసినప్పుడు ‘పర్సనాలిటీ కల్ట్’ని ‘వ్యక్తిపూజ’ అన్నాం. కల్ట్ అంటే పూజేనని అప్పుడే తేలింది.

ద్విపద: 900 మందికి పైగా చనిపోయిన చోట ‘పూజ’ అని ఎలా రాయను? శాఖ అంటే మర్యాదగా ఉంది, ముఠా అంటే దొంగలనుకుంటారు. ఉత్త ‘కల్ట్’ అంటే కుర్రాళ్ళకి ‘కల్ట్ బొమ్మ’ (సినిమా) గుర్తొస్తుంది, అది మెచ్చుకోలు.

శకటరేఫ: కల్ట్ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘గురువు మాటే శాసనమై, బయటికి దారి మూసుకుపోయిన భక్తబృందం’ అని విప్పి చెప్పండి. పాషండం మాత్రం వద్దు. అది బయటివాళ్ళ నమ్మకాన్ని తిట్టే మాట, లోపలివాళ్ళకి జరిగిన హాని అందులో లేదు.

అర్ధానుస్వారం: అది సరే గానీ, ఖ గొడవలో మొదటి అక్షరాన్ని వదిలేశాం. అదే అశోక శాసనానికి షాబాజ్‌గఢీలో (ఇప్పటి పాకిస్తాన్) ఉన్న పాఠంలో ‘ప్రషండ’ అని ఉంది. ష స్పష్టంగా ఉంది, పక్కన రేఫ (ర) కూడా. ‘పర్షత్’ (సభ) నుంచి పాషండం వచ్చిందనే వాదానికి బలం అదే. ఆ రేఫకి ఏం చెబుతారు, శకటరేఫ గారూ?