పంది కిడ్నీ పెట్టించుకోవడం యూదు ధర్మానికి విరుద్ధమా?

రాత్రిడ్యూటీ:
నేను డయాలిసిస్ నర్సుని. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషీన్ మీద ఉండే పెద్దాయన ఒకరున్నారు. యూదులు, నియమనిష్ఠలున్న మనిషి. సూదులు గుచ్చే ముందు ఆయన చేతి ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) మీద వేళ్ళు పెట్టి చూస్తాను. లోపల రక్తం జుమ్మని తెలుస్తుంది. ఈ మధ్య ఆ జుమ్మనడం తగ్గుతోంది, నాకు దిగులుగా ఉంది.

2024 మార్చిలో బోస్టన్‌లో ఒకాయనకు జన్యువులు మార్చిన పంది కిడ్నీ పెట్టారు కదా, ఆ మాట వచ్చింది. "మీకు పంది నిషిద్ధం కదండీ, ఇస్తామంటే ఒప్పుకుంటారా?" అని అడిగేశాను. "నిషిద్ధం నోటికి, ఒంటికి కాదు" అన్నారు. కాసేపాగి "నా ఆలోచన వేరే" అని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ కదిలించడానికి మనసొప్పలేదు. ఆ ఆలోచన ఏమై ఉంటుంది?

పాతపుటలు:
ఆయన అన్నది నిజమేనండి. బైబిల్లో లేవీయకాండం 11, ద్వితీయోపదేశకాండం 14 వద్దన్నది పంది మాంసం తినడాన్ని. పంది ఇన్సులిన్ ఎక్కించుకోవడానికీ, పంది గుండె కవాటం వేయించుకోవడానికీ అడ్డు లేదు. అసలు ప్రాణం పోతుంటే తినడానికైనా అనుమతే. విగ్రహారాధన, హత్య, నిషిద్ధ లైంగిక సంబంధం, ఈ మూడూ తప్ప ఏ ఆజ్ఞైనా ప్రాణరక్షణ ముందు తప్పుకుంటుంది. దాన్నే 'పికువాఖ్ నెఫెష్' అంటారు.

చిక్కంతా ప్రమాదం దగ్గరే. 2 రాజులు 7లో నలుగురు కుష్ఠరోగులుంటారు. ముట్టడిలో ఉన్న షోమ్రోను పట్టణంలోకి వెళ్తే ఆకలి చావు, దాని గుమ్మంలో కూర్చున్నా చావే. శత్రువుల దండులోకి పోదాం, బతకనిస్తే బతుకుతాం అనుకుంటారు. మిగిలిన కాస్త ఆయుష్షును పణంగా పెట్టి పూర్తి ఆయుష్షు కోసం ప్రయత్నించవచ్చా అన్నప్పుడు యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చూపించేది వీళ్ళనే. 2022 జనవరిలో బాల్టిమోర్‌లో పంది గుండె పెట్టించుకున్నాయన అలాంటి గుమ్మంలోనే ఉన్నాడు. మనిషి గుండెకు అర్హుడు కాదన్నారు, వేరే దారి లేదు. రెండు నెలలు బతికాడు. మీ పెద్దాయనకు డయాలిసిస్ ఉంది. అది నడుస్తున్నంత కాలం ఆయన ఆ గుమ్మంలో ఉన్నట్టా, కాదా? నాకైతే ఇదే అసలు ప్రశ్న.

పశువైద్యం:
పంది సంగతి కూడా చూడండి. ఆ బాల్టిమోర్ గుండెలో పంది వైరస్ ఒకటి బయటపడింది. అలాంటివి అంటకూడదనే పందిపిల్లల్ని తల్లి నుంచి ముందే వేరుచేసి, మూసిన షెడ్లలో పెంచుతారు. పంది ఎంత తెలివైన జంతువో దగ్గర నుంచి చూసినవాణ్ణి, నాకది తేలిగ్గా మింగుడుపడదు. మూగజీవాన్ని బాధపెట్టకూడదన్నదీ యూదు ధర్మమే. వైద్యం కోసమైతే ఆ నిషేధం లేదని 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోవ్ రబ్బీ (యూదు మతగురువు) మోషే ఇస్సెర్లెస్ రాశారు. అక్కడే, బతికున్న పెద్దబాతుల ఈకలు పీకడం నేరం కాకపోయినా క్రూరం కనుక జనం మానేస్తున్నారని కూడా రాశారు. అనుమతి ఉన్నంత మాత్రాన మనసు ఊరుకోదు కదా.

రాత్రిడ్యూటీ:
ఇద్దరికీ నమస్కారం. ఇవాళ ఆయన్ని అడిగాను. మెషీన్ మొదలయ్యాక చెప్పారు: పందులకు తెగులు వస్తే రవ్ యెహూదా అనే గురువు ఊరంతటికీ ఉపవాసం విధించాడట, వాటి పేగులు మనిషి పేగుల్లాంటివని. తాల్ముద్‌లో, తానీత్ 21లో ఉందన్నారు. "మనకంత దగ్గరిదని వాళ్ళకు అప్పుడే తెలుసు" అన్నారు.

కిడ్నీ తీసుకునేదీ లేనిదీ తేల్చలేదు. ఆ పందిని ఎలా పెంచారో డాక్టరుగారిని అడిగి చెప్పమన్నారు. రేపు అడుగుతాను.