ఒకే లన్‌ను రెండు సర్వర్లకు ఫైబర్ ఛానెల్‌లో, మూడో దానికి ఐస్కజీలో ఇవ్వవచ్చా?

నమస్కారం. మా రెండు లినక్స్ సర్వర్లు 16 గిగాబిట్ ఫైబర్ ఛానెల్ (స్టోరేజీ కోసం ఉండే ప్రత్యేక నెట్‌వర్క్) మీద ఒకే వాల్యూమ్‌ను, అంటే స్టోరేజీ ఒక డిస్కులా చూపే లన్‌ను, పంచుకుంటున్నాయి. పైన జీఎఫ్ఎస్2 (ఒకే డిస్కును పలు సర్వర్లు కలిసి వాడుకునే ఫైల్ సిస్టమ్) ఉంది కాబట్టి రెండూ ఒకేసారి రాసినా ఇబ్బంది లేదు. ఇప్పుడు మూడో సర్వర్ వచ్చింది. దానికి ఫైబర్ ఛానెల్‌కు కలిపే హెచ్‌బీఏ కార్డు లేదు, కొనడానికి బడ్జెట్ లేదట. కార్డు లేకుండా సర్వర్ తెప్పించిన వారిని ఏమనాలో మీరే చెప్పండి! ఉన్నవి రెండు 10 గిగాబిట్ ఈథర్నెట్ పోర్టులు మాత్రమే.

స్టోరేజీలో ఐస్కజీ (మామూలు ఈథర్నెట్ మీద డిస్కును అందించే పద్ధతి) పోర్టులు ఖాళీగానే ఉన్నాయి. ముందుగా వేరే చిన్న లన్ ఇచ్చి చూశాను. 3260 పోర్టులో లాగిన్ అవుతోంది, మల్టీపాత్‌లో (ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) రెండు దారులూ కనిపిస్తున్నాయి. కానీ పెద్ద ఫైలు రాయడం మొదలుపెట్టగానే సెషన్ తెగిపోయి మళ్లీ కలుస్తోంది. సర్వర్‌లోనూ స్టోరేజీలోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 బైట్లు. ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపితే జవాబు లేదు, 1472 అయితే వస్తోంది. మధ్యలో ఉన్న స్విచ్‌లో జంబో ఫ్రేములు (అంత పెద్ద ప్యాకెట్లను అనుమతించే అమరిక) తెరవలేదనే నా అనుమానం. దాన్ని నెట్‌వర్క్ వాళ్లతో తేల్చుకుంటాను.

అసలు సందేహం ఫెన్సింగ్ (దారితప్పిన సర్వర్ డిస్కు మీద రాయకుండా ఆపడం) గురించి. అందుకు మేము స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్లు (స్టోరేజీలో తమ కీ నమోదు చేసుకున్న సర్వర్లనే రాయనిచ్చే పద్ధతి) వాడుతున్నాం. ఐస్కజీ ద్వారా నమోదైన కీని ఫైబర్ ఛానెల్ సర్వర్ తొలగిస్తే, మూడో సర్వర్ రాయడం నిజంగా ఆగుతుందా? లేక అది స్టోరేజీ తయారీదారును బట్టి మారుతుందా? ఒకే సర్వర్‌కు రెండు రకాల దారులూ కలపబోవడం లేదు. ఇలాంటి అమరిక నడిపినవారు ఎవరైనా ఉంటే, ఏ పరీక్ష చేసి నమ్మకం కుదుర్చుకున్నారో దయచేసి చెప్పండి.