వైఫైకి ఒకే పేరా, రెండు పేర్లా? ల్యాప్‌టాప్ కనెక్షన్ తెగుతుంటే రౌటర్‌లో ఏం మార్చాలి

బెళ్లందూరు_వాసి
బెంగళూరు ఫ్లాట్లలో మామూలుగా కనిపించే అమరికే ఇది. ఫైబర్ తీగ గుమ్మం పక్కనుంచి లోపలికొస్తుంది, రౌటర్‌ని అక్కడే గోడకు బిగిస్తారు. పనిచేసే బల్ల రెండు గోడల అవతల పడగ్గదిలో ఉంటుంది. ఫోన్‌లో నెట్ బాగానే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం మీటింగ్ మధ్యలో మాట ముక్కలైపోతుంది. రౌటర్‌లో స్మార్ట్ కనెక్ట్ (రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో నడిపే అమరిక) ఆపేసి, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కీ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కీ వేర్వేరు పేర్లు పెట్టమని కొందరంటారు, అది పాత పద్ధతి, ఒకే పేరు ఉంచమని ఇంకొందరు. కారణాలతో సహా చెప్పండి.

తీగమనిషి
విడదీయాల్సిందే. ఏ బ్యాండ్ పట్టుకోవాలో చివరికి తేల్చేది ల్యాప్‌టాప్, రౌటర్ కాదు. రౌటర్ 2.4 మీద జవాబు ఆలస్యం చేసి 5 వైపు నెట్టడానికి చూస్తుంది, అంతే. గోడల అవతల 2.4 సిగ్నలే బలంగా కనిపిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ దాన్నే పట్టుకుని వదలదు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా పక్కనా ఉన్న ఇళ్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. గీతలు నిండుగా కనిపించినా మాట తెగేది అందుకే.

బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవండి. చిరునామా చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1, కాకపోతే ల్యాప్‌టాప్‌లో డీఫాల్ట్ గేట్‌వే అని రాసి ఉన్నదే. స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ ఆపి, 5కి వేరే పేరు పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో పాత పేరును ఫర్గెట్ చేయాలి. ఇది మరిచిపోతే చేసిందంతా వృథా, అది మళ్లీ 2.4కే పోతుంది.

అయిదో_అంతస్తు
తీగమనిషి గారు రోగాన్ని సరిగ్గానే పట్టారు, మందుతోనే పేచీ. పేర్లు వేరైతే విండోస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ల్యాప్‌టాప్ పట్టుకుని వంటగదిలోకి వెళ్తే 5 పూర్తిగా తెగేదాకా వేలాడి, ఆ తర్వాత రెండో పేరును వెతికి, మొదటినుంచి కనెక్ట్ అవుతుంది. కాల్ అక్కడే పోతుంది. తిరిగి గదిలోకొచ్చినా దానంతటది 5కి రాకపోవచ్చు. ఒకే పేరైతే మార్పు చాలా త్వరగా అయిపోతుంది.

సరిచేయాల్సింది ల్యాప్‌టాప్‌లో. డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్, వైఫై కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్. ఇంటెల్ కార్డుల్లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటుంది, 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. వేరే కంపెనీ కార్డుల్లో ఆ పేరు కాస్త మారుతుంది. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కనిపిస్తే, కరెంటు ఆదాకోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న చోట టిక్కు తీసేయండి.

కొలిచి_చెప్పు
ఇద్దరూ కొలవకుండానే మందు రాస్తున్నారు. ముందు తప్పు వైఫైదేనా అని తేల్చాలి. మీటింగ్ నడుస్తుండగా కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్ చిరునామాకు ఆగకుండా పింగ్ (అవతలినుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్) పెట్టండి, విండోస్‌లో చివర మైనస్ టీ (-t) చేర్చాలి. ఇంకో విండోలో బయటి ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పెట్టండి. రౌటర్ జవాబు 2 నుంచి 5 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ బయటిది మాత్రమే తప్పుతుంటే, ఆ లోపం రౌటర్ అవతల, ఫైబర్ లైన్ వైపు. అప్పుడు పేర్లు మార్చి లాభం లేదు. రౌటర్ జవాబే 100, 300 అని ఎగిరి మధ్యలో టైమ్‌డ్ అవుట్ అంటే వైఫైదే తప్పు. ల్యాప్‌టాప్ ఐపీ 169.254తో మొదలైతే దానికి రౌటర్‌నుంచి చిరునామాయే అందలేదని అర్థం, అది వేరే దారి.

తర్వాత సిగ్నల్. నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అన్న కమాండ్ విండోస్‌లో బ్యాండ్, ఛానెల్, సిగ్నల్ శాతం చూపిస్తుంది. శాతంలో సగం తీసుకుని అందులోంచి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ) వస్తుంది: 66 శాతమంటే మైనస్ 67. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే నేరుగా కనిపిస్తుంది. వీడియో కాల్‌కు మైనస్ 67 కన్నా బలహీనం కాకూడదు. బల్ల దగ్గర 5 మీద మైనస్ 75 వస్తుంటే ఏ పేరు పెట్టినా ఒకటే, రౌటర్ జరపాలి.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. యూఎస్‌బీ 3 డాక్ (ల్యాప్‌టాప్‌కు అదనపు పోర్టులిచ్చే పెట్టె), హార్డ్‌డిస్క్, వాటి తీగలు 2.4 చుట్టూ రేడియో రొద పుట్టిస్తాయి. 2012లో ఇంటెలే దీనిమీద ఒక పత్రం వెలువరించింది. 2.4 మీద ఉన్నప్పుడు డాక్ పీకి పింగ్ చూడండి. తేడా కనిపిస్తే డాక్‌ను పొడవాటి తీగతో దూరం జరపండి.

తీగమనిషి
కొలిచి_చెప్పు గారు చెప్పిన వరుస సరైనదే, ఒప్పుకుంటున్నాను. అయిదో_అంతస్తు గారు ఒకటి వదిలేశారు. ఈ ఊళ్లో ఇంటినుంచి పనిచేసేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఆఫీసు ల్యాప్‌టాప్. అడ్మిన్ హక్కులుండవు, డివైస్ మేనేజర్‌లో ఏదీ మార్చనివ్వదు. మన చేతిలో మిగిలేది రౌటర్ ఒక్కటే.

ఛానెల్36
ఇంతసేపూ 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ ఊసే ఎత్తలేదు. 5లో ఛానెల్‌ని ఆటోలో వదిలేస్తే రౌటర్ 52 నుంచి 144 మధ్య దేనిమీదైనా కూర్చోవచ్చు. అవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రాడార్ లాంటి సంకేతం వినగానే రౌటర్ అక్కణ్నుంచి లేచిపోవాలి, అలాంటి ఇంకో ఛానెల్‌కే పోతే కనీసం 60 సెకన్లు విన్నాకే ప్రసారం మొదలుపెట్టాలి. ల్యాప్‌టాప్‌లో నెట్ ఉన్నట్టుండి మాయమై నిమిషం తర్వాత దానంతటదే వస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఛానెల్ 36 గానీ 149 గానీ స్థిరంగా పెట్టండి, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. 2.4లో వెడల్పు 20 మాత్రమే. 40 పెడితే పక్కింటివాళ్లకీ మీకూ ఇద్దరికీ నష్టం.

అయిదో_అంతస్తు
ఆఫీసు ల్యాప్‌టాప్ మాట నిజం, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా మొత్తం ఇంటిని విడదీయకండి. 2.4 మాత్రమే తెలిసిన బల్బులు, కెమెరాలు గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథులకోసం రౌటర్ ఇచ్చే విడి వైఫై) పెట్టి, దాన్ని 2.4కే పరిమితం చేయండి. ప్రింటర్‌ను మాత్రం అందులో పెట్టొద్దు. గెస్ట్‌లో ఉన్నది ల్యాప్‌టాప్‌కు కనిపించదు, ప్రింట్ పోదు.

కొలిచి_చెప్పు
బెళ్లందూరు_వాసి గారూ, బల్ల దగ్గర 5 మీద సిగ్నల్ మైనస్ 65 గానీ అంతకన్నా బలంగా గానీ వస్తూ, ల్యాప్‌టాప్ అక్కణ్నుంచి కదలకపోతే తీగమనిషి గారి మాట వినండి. ఇల్లంతా తిరుగుతుంటే, ల్యాప్‌టాప్ వైఫై సెట్టింగులు మార్చే హక్కు మీకుంటే అయిదో_అంతస్తు గారిది. మైనస్ 72 కన్నా బలహీనమైతే రెండూ వద్దు. 15 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ గోడ అంచు వెంట లాగి ల్యాప్‌టాప్‌కు గుచ్చండి. ఈథర్నెట్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి, గిగాబిట్ అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయేవీ దుకాణాల్లో దొరుకుతాయి.